రంగు పట్టని పోగులు

సెగు,
1997 ఆగస్టు 11

అలసందలు మేసే సిరికి కులిబాలికి,

నీ యజమానురాలు కోరోతుము కైతా స్వహస్తాలతో రాస్తున్న ఉత్తరం. పొలంలో ఉన్నావో, అలసందల కుండ ముందు ఉన్నావో గాని, చేతులు కడుక్కుని చదువు. మీ కులిబాలీలకు అక్షరం ముక్క అబ్బడం లోకంలో వింతే. మా నాన్న మీ ఊరి బళ్ళో పదకొండేళ్ళు బెత్తాలు అరగదీశాడు కాబట్టి నీకు ఈపాటి చదవడం వచ్చింది. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా చెల్లదు. కైతాల వంశానికీ కులిబాలీల వంశానికీ, ఒకరినొకరు బానిసలని ఏడిపించుకునే పరాచికాల చుట్టరికం కుదిర్చి పోయింది మన ముత్తాతలు, నేను కాదు.

నేను బాగున్నాను. మా అమ్మాయి బాగుంది. మిల్లు మాత్రం బాగాలేదు. వారానికి రెండు రోజులే తిరుగుతోంది. మిగతా రోజులు గేటు బయట కూర్చుని, కాచిన టీ మూడు దఫాలూ తాగి ఇళ్ళకు పోతున్నాం. బజారులో పై దేశాల వాళ్ళు విడిచేసిన బట్టలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. మేము నేసిన గుడ్డ ఒక మీటరు కొనే డబ్బుతో అక్కడ చొక్కా, లాగూ రెండూ వచ్చేస్తాయి. జనాన్ని తప్పు పట్టలేను. మా అమ్మాయి వేసుకున్న గౌను అక్కడిదే. పదహారేళ్ళుగా మిల్లు పరీక్ష గదిలో పత్తి, దారం నాణ్యం చూసేదాన్ని, నా ఇంట్లోనే ఇలా ఉంటే ఇంకొకరినేం అంటాను?

ఇప్పుడు అసలు సంగతి. మాకు కొత్త డైరెక్టరు వచ్చాడు. పేరు నామోరీ కైతా. మా వాడు కాబట్టి తెలివైనవాడని వేరే చెప్పక్కర్లేదు. పక్క దేశంలో అబిజాన్ వర్తకుడొకడి దగ్గర బేరం కుదుర్చుకొచ్చాడు. బడిపిల్లల బట్టలకు ముదురు నీలం గుడ్డ, నలభై వేల మీటర్లు. ఇది నచ్చితే ఏటేటా ఇస్తాడట. అప్పుడు మిల్లు వారమంతా తిరుగుతుంది, ఇళ్ళకు పంపేసిన రెండొందల మందీ వెనక్కి వస్తారు. నచ్చకపోతే తలుపులు మూసేయడమే, ఈ మాట ఆయనే అన్నాడు.

ముదురు రంగుకు పత్తి శుభ్రంగా ఉండాలి. అంత శుభ్రమైన పత్తి ఎక్కడ దొరుకుతుందని సమావేశంలో అడిగితే నేను లేచి నిలబడ్డాను. ఫిన్యాసో పత్తి తెప్పించండి, నేను పెరిగిన ఊరు, ఆడవాళ్ళు వేళ్ళతో ఏరతారు, ఎండాకు ముక్క కూడా ఉండదు, పూచీ నాది అన్నాను. మీ దగ్గర పత్తి కొనే కంపెనీ వాళ్ళు మీ ఊరి పత్తి రెండు లారీలు విడిగా తీసుకుని, విడిగా గింజ తీయించి, నలభై బేళ్ళు మాకిస్తారు.

ఈ ఉత్తరం తెచ్చే లారీలోనే దుప్పటంత కోరా గుడ్డలు అరవై పంపుతున్నాను. మా మిల్లులో నేసినవే. ఏరిన పత్తిని బుట్టల్లో వేసి, వీటిలో మూటలు కట్టండి. యూరియా సంచుల్లో మాత్రం పెట్టవద్దు. ఎండకు ఎండిన ప్లాస్టిక్ సంచి పోగులు పోగులుగా రాలుతుంది. ఆ పోగు పత్తి రంగులోనే ఉంటుంది, కంటికి కనబడదు, యంత్రానికి చిక్కదు, అద్దకంలో రంగు పట్టదు. కులిబాలీల కంటికి అలసందగింజ తప్ప ఏదీ ఆనదని తెలుసు గనక విడమరిచి చెబుతున్నాను. మీలో ఎవడైనా పత్తిని యూరియా సంచిలో కుక్కాడని తెలిసిందా, వాణ్ణి అదే సంచిలో పెట్టి కుట్టి నైజరు నదిలో వదిలేస్తాను.

నీ యజమానురాలు,
కోరోతుము


ఫిన్యాసో,
1997 సెప్టెంబరు 20

పారిపోయిన నా బానిస కోరోతుముకు,

యజమాని సిరికి కులిబాలి ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. సంఘానికి కార్యదర్శిని కదా, శుక్రవారం నమాజు అయ్యాక పత్తి రైతులందరినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివాను. యూరియా సంచిలో పెట్టి నదిలో వదిలేసే ఘట్టం రెండోసారి చదవమన్నారు. ఊరి పెద్ద దంతాలు లేని నోటితో నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంటే వీపు నిమరాల్సి వచ్చింది. కైతాల పిల్ల పట్నం వెళ్ళినా నోటి పదును తగ్గలేదని అందరూ మెచ్చుకున్నారు.

గుడ్డలు అరవై అందాయి. ఆడవాళ్ళు నీకు పంపిన దీవెనలు లారీకెత్తినా మిగులుతాయి. సితాన్ అయితే గుడ్డను రెండు చేతులా పట్టి మురిపెంగా చూసి, మొహానికి ఆనించుకుంది. నా పెళ్ళామైన పద్దెనిమిదేళ్ళలో నా మొహం వంక అలా ఎప్పుడూ చూడలేదు.

ఈ ఏడు వానలు సరిగ్గా మొలక లేచే వేళకు పద్దెనిమిది రోజులు మొహం చాటేశాయి. సగం పొలం మళ్ళీ విత్తాం. తర్వాత పురుగు పడింది. ఐదుసార్లు మందు కొట్టాం, కొట్టిన రోజు రాత్రి అన్నం సహించదు. అయినా కాయ బాగా పట్టింది. నీకు ఒక మాట చెప్పనా కోరో, నాకు నలభై రెండేళ్ళు. పదేళ్ళప్పటి నుంచి పత్తి చేలోనే ఉన్నాను. నా పత్తి లారీ ఎక్కేదాకానే నాకు తెలుసు. ఆ తర్వాత అది ఏ దేశంలో ఎవరి ఒంటి మీదికి చేరిందో ఒక్కసారైనా చూడలేదు. ఈసారి నా పత్తి నేసిన నీలం గుడ్డ ఒక్క మూర పంపు. ముట్టుకుని చూడాలి.

వచ్చే నెల బడి తెరుస్తారు. మా పిల్లలు ముగ్గురూ వెళతారు. కిందటేడు చిన్నవాడు చొక్కా లేక మూడు నెలలు బడి ఎగ్గొట్టాడు. ఈ ఏడు ఆ బెంగ లేదు.

నీ యజమాని,
సిరికి


సెగు,
1997 అక్టోబరు 19

అలసందల సిరికికి,

నా ఉత్తరం ఊరందరి ముందూ చదివి నవ్వుకున్నారన్నమాట. నవ్వండి, మీకు నవ్వడం, మింగడం తప్ప మూడో పని ఎప్పుడు వచ్చు? మూటగుడ్డలకు ఆడవాళ్ళు అన్ని దీవెనలు ఎందుకు పంపారో నాకు అర్థం కాలేదు. పంపారు కాబట్టి ఉంచుకుంటున్నాను.

సంచుల విషయం మళ్ళీ చెబుతున్నాను. ఇది పరాచికం కాదు. మిల్లు బతుకు దీని మీద ఉంది, నా మాట దీని మీద ఉంది. పత్తిని గుడ్డలోనే కట్టండి. మూట బిగించడానికి సంచి తాడు కూడా వాడవద్దు. ఇది పరాచికం కాదు సిరికీ, మీ కులిబాలీల బుర్ర అలసంద గింజలో పట్టేంతే ఉంటుంది గనక రెండుసార్లు రాస్తున్నాను.

డైరెక్టరు రోజూ అడుగుతున్నాడు, మీ ఊరి పత్తి ఎప్పుడని.

కోరోతుము


ఫిన్యాసో,
1998 జనవరి 4

నా బానిసల్లోకెల్లా నోరున్న కోరోతుముకు,

నీ రెండో ఉత్తరం మొదటిదాన్ని మించిపోయింది. 'ఇది పరాచికం కాదు' అని రాశావు చూడు, అక్కడ జనం పొట్టలు పట్టుకుని దొర్లారు. మొహం గంభీరంగా పెట్టి వేళాకోళం చేయడం కైతాలకు వెన్నతో పెట్టిన విద్య అని ఊరి పెద్ద అన్నాడు. రెండోసారి 'ఇది పరాచికం కాదు' వచ్చేసరికి కుర్రాళ్ళు దాన్ని పాట కట్టారు. ఇప్పుడు చేలో ఎవడేం చెప్పినా చివర ఆ మాట తగిలిస్తున్నారు. నిన్న సితాన్ సంకటి అయిపోయిందంటూ నాకు ఖాళీ గిన్నె చూపించి, ఇది పరాచికం కాదు అంది.

పత్తి తీత అయిపోయింది. మీ మిల్లుకని విడిగా ఉంచిన రెండు లారీలూ డిసెంబరు ఇరవై రెండున కదిలాయి. తెల్లగా, పొడిగా, ఆకు ముక్క లేకుండా ఏరించాను. తూకం దగ్గర నేనే నిలబడ్డాను. మోత ఎలా జరిగిందంటావేమో, ఎలాగో మోశాం, చేరింది కదా. లారీ వాగు దాటేదాకా పిల్లలు వెంట పరుగెత్తారు. ఎప్పుడూ లేనిది పెద్దవాళ్ళం కూడా నిలబడి చూశాం. ఆ లారీ ఎక్కడికి వెళుతుందో మొదటిసారి మాకు తెలుసు కాబట్టి.

ఉపవాసాలు మొదలయ్యాయి. తిట్లు తగ్గించుకుంటున్నాను. పండగ అయ్యాక వడ్డీతో సహా పంపుతాను. నా మూర గుడ్డ మరిచిపోకు.

సిరికి


సెగు,
1998 ఏప్రిల్ 15

సిరికి కులిబాలి గారికి,
కార్యదర్శి, ఫిన్యాసో పత్తి రైతుల సంఘం

నమస్కారం. మీ సంఘం పంపిన పత్తితో నేసిన నీలం గుడ్డ మొదటి విడత, పది వేల మీటర్లు, అబిజాన్ నుంచి వెనక్కి వచ్చింది. గుడ్డ నిండా తెల్లని మచ్చలు ఉన్నాయి. మిరియం గింజంత కొన్ని, వెంట్రుక పొడవున కొన్ని. అవి యూరియా సంచి పోగులు. ఒక మీటరులో ముప్ఫై ఏడు లెక్కపెట్టాను. వర్తకుడి మనిషి గుడ్డను వెలుతురుకు పట్టుకుని చూసి, మడిచి పక్కన పెట్టి, ఇది మీ దేశంలోనే కట్టుకోండి అన్నాడట.

ఇరవై మంది ఆడవాళ్ళం పట్టకారులతో గుడ్డ మీది పోగులు పీకడానికి కూర్చున్నాం. పీకిన చోట చిల్లు పడుతోంది. ఆపేశాం.

సోమవారం నుంచి మిల్లు మూసి ఉంది. జూలై నెలాఖరుకు మంచి గుడ్డ అందకపోతే బేరం రద్దు చేస్తానని వర్తకుడు రాశాడు. వాడని బేళ్ళు ఇరవై ఎనిమిది గిడ్డంగిలో ఉన్నాయి. మీ ఊరి పత్తి పనికిరాదని కంపెనీకి రాయబోతున్నట్టు డైరెక్టరు గారు చెప్పారు. రాస్తే ఇకపై మీ ఊరి పత్తికి అడుగు రకం ధరే కడతారు.

మీకు అరవై గుడ్డలు పంపాను. అవి ఏమయ్యాయో తెలియజేయగలరు.

ఇట్లు,
కోరోతుము కైతా


ఫిన్యాసో,
1998 ఏప్రిల్ 27

కోరో,

నువ్వు నన్ను తిట్టలేదు. ఉత్తరం విప్పి, 'గారికి' అన్న మాట చూసి, వెనక్కి తిప్పి కవరు మీద పేరు నాదేనా అని చూశాను. నాదే. మా నాన్న పోయిన కబురు వచ్చినప్పుడు కూడా నాకింత భయం వేయలేదు. ఈ ఉత్తరాన్ని సంఘంలో చదవలేదు. సితాన్‌కు చదివి వినిపించాను, అంతే.

గుడ్డల సంగతి చెబుతాను. నిజం చెబుతాను.

లారీ నుంచి మూటలు దించి విప్పాం. కొత్త గుడ్డ. మిల్లు వాసన పోని గుడ్డ. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. నీ ఉత్తరంలో ఉన్నది చెప్పాను, ఇవి పత్తి మూటలు కట్టడానికి అని. ఒక్కరూ నమ్మలేదు. గింజ తీయని పత్తిని ఎవరైనా కొత్త గుడ్డలో కట్టి మట్టిలో ఈడుస్తారా? సితాన్ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "కైతాల పిల్ల మనకి గుడ్డలు పంపింది. ఊరికే ఇస్తే మనం చిన్నబోతామని పత్తికోసం అని వంక పెట్టింది. ఆ పిల్ల పరువు మనం కాపాడాలి." అందరికీ అదే నిజం అనిపించింది. నాకూ అనిపించింది. అలా ఇవ్వడమే కదా మర్యాద. నువ్వు యూరియా సంచి గురించి రాసింది కూడా ఆ వంకలో భాగమే అనుకున్నాం.

అరవై గుడ్డలూ అరవై ఇళ్ళకు పంచాను. రంగు కోసం ఆకు పసరులో ముంచి, వాగు బురద పూసి, ఎండబెట్టి, పిల్లలకు చొక్కాలు కుట్టారు. మా చిన్నవాడు ఈ ఏడు ఒక్క రోజు కూడా బడి మానలేదు. పత్తి పండించే ఊరు కోరో, పిల్లల ఒంటి మీద నూలుపోగు లేదు. ఇది నీకు కొత్తగా చెప్పాలా.

పత్తి ఎప్పటిలాగే యూరియా సంచుల్లో మోశాం. మొదటి సంచి నాదే. తూకం దగ్గర నిలబడ్డప్పుడు సంచుల అంచులు చీకిపోయి ఉండడం నేను చూశాను. నీ మాట గుర్తుకొచ్చింది. 'ఇది పరాచికం కాదు' అనే పాట కూడా గుర్తుకొచ్చి నవ్వొచ్చింది. అప్పుడే అనుమానించి ఉండాల్సింది. నిన్ను అడగడానికి సిగ్గుపడి, మోత సంగతి దాటేసి ఉత్తరం రాశాను.

ఎవర్ని అనను? నాలుగు తిట్లు తిట్టి ఉత్తరం రాయి. లేకపోతే నాకు నిద్ర పట్టదు.

సిరికి


సెగు,
1998 మే 9

సిరికీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చించేద్దామనుకున్నాను. రెండోసారి మీ చిన్నవాడు బడికి వెళ్ళాడన్న చోట ఆగిపోయాను. మూడోసారి నవ్వొచ్చింది, నవ్వినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. నిజమే. కొత్త గుడ్డ పంపి దానిలో మట్టి పత్తి కట్టమంటే మా అమ్మ కూడా నమ్మేది కాదు. ఇన్నేళ్ళు పట్నంలో ఉండి మన ఊరిని మరిచిపోయాను.

కానీ నిన్ను తిట్టే నోరు నాకు లేదు. ఎందుకో విను.

ఫిబ్రవరిలో మీ మొదటి బేలు విప్పినప్పుడే నేను చూశాను. పరీక్ష గదిలో గుప్పెడు పత్తి నల్ల బల్ల మీద పరిస్తే ఆరు పోగులు. అప్పుడే కాగితం మీద రాసి పైకి పంపాలి. అది నా పని, దానికే నాకు జీతం. రాయలేదు. నేను పెరిగిన ఊరు, పూచీ నాదన్నాను, పదిమందిలో నిలబడి అన్నాను. ఇంకో గుప్పెడు తీశాను, దానిలో రెండే ఉన్నాయి. ఆ రెండే లెక్కలోకి తీసుకుని, బాగుంది అని రాసి సంతకం పెట్టాను. వడుకులో పోతాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. పోవని నాకు తెలుసు. ఆ రోజు చెప్పి ఉంటే ఏరించేవాళ్ళం, పది వేల మీటర్లు మచ్చపడేవి కావు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. నాది పిడికెడు కాదు సిరికీ, దోసెడు.

శనివారం డైరెక్టరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పరీక్ష గదిలో ఉన్నవాళ్ళే కళ్ళు మూసుకుంటే నేను యంత్రాలను ఎందుకు తిప్పాలమ్మా అన్నాడు. మిల్లు తెరిచినా ఇక రావద్దన్నాడు. పదహారేళ్ళ పని అక్కడితో అయిపోయింది. గేటు కాపలా అతను నా సంచి వెతకలేక మొహం తిప్పుకున్నాడు.

నా కోసం నువ్వు బయలుదేరి రాకు. విత్తనాల వేళ. బమాకోలో చిన్నమ్మ ఉంది, పని వెతుక్కోవడానికి వెళుతున్నాను. అమ్మాయిని పక్కింటి వాళ్ళు చూసుకుంటారు.

కోరో


సెగు, మిల్లు గేటు దగ్గర,
1998 జూన్ 21

కోరో,

రావద్దన్నావు, వచ్చాను. నువ్వు ఊళ్ళో లేవు. ఈ ఉత్తరం మీ అమ్మాయి చేతికి ఇచ్చి వెళతాను, బమాకో బస్సులో పంపుతానంది. నీ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు, నువ్వు లేకపోవడమే మంచిదైంది.

నేను ఒక్కణ్ణే రావాలనుకున్నాను. నీ ఉత్తరం సితాన్‌కు చదివితే, ఆమె వెళ్ళి అరవై ఇళ్ళూ తిరిగింది. ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళు బయలుదేరారు. మొదటి వాన పడి నేల మెత్తబడ్డ వేళ, విత్తనం చేత పట్టుకుని నిలబడాల్సిన వేళ. మగవాళ్ళు ఏమీ అనలేకపోయారు. పిల్లల చొక్కాలు వాళ్ళ కళ్ళ ముందే ఉన్నాయి కదా.

మిల్లు గేటు దగ్గర మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. రెండు రోజులు బయటే ఉన్నాం. మూడో రోజు పొద్దున డైరెక్టరు కారు వచ్చింది. నేను వెళ్ళి కారు ముందు అడ్డంగా పడుకున్నాను. కాపలావాళ్ళు లాగబోయారు. నా పేరు సిరికి కులిబాలి అని అరిచాను. అంతే, వాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. డైరెక్టరు కైతా అని వాళ్ళకు తెలుసు.

ఆయన ఇంజను ఆపి దిగాడు. కోటు వేసుకున్న మనిషి, ప్యారిస్‌లో చదివాడట. ఆయనకు పరాచికం తెలుస్తుందో లేదోనని భయం వేసింది. నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"లే కులిబాలీ, చొక్కా మాసిపోతుంది."

"నా బానిస కారు ముందు నేను పడుకుంటే నీకేంటి నొప్పి?"

"అలసందలు తిని బరువెక్కావు, కారు దాటదు. ఏం కావాలి?"

"అడిగింది ఇస్తావా?"

"కులిబాలి అడిగితే కైతా కాదనగలడా? మా తాతలు లేచొచ్చి కొడతారు. కానీ ఒక్కటే అడుగు. రెండోది అడిగావంటే నడిపేస్తా."

నేను నీ ఉద్యోగం అడగడానికి వచ్చాను కోరో. దారి పొడుగునా అదే మాట కూడబలుక్కున్నాను. కోరోతుమును వెనక్కి పిలువు, తప్పు మాది అని. నోటిదాకా వచ్చింది. తల తిప్పి చూస్తే గోడ నీడన ముప్ఫై ఒక్కమందీ లేచి నిలబడి నా నోటి వంక చూస్తున్నారు. సితాన్ కూడా. ఊరి పత్తికి అడుగు రకం ధర పడితే ఆ అరవై ఇళ్ళు ఏం తింటాయో నాకు ఇంటింటికీ తెలుసు.

"మా పత్తి మాకియ్యి. ఇరవై ఎనిమిది బేళ్ళూ. ఏరిస్తాం. అది అయ్యాక కంపెనీకి రాసుకో ఏం రాస్తావో." అన్నాను.

నీ పేరు ఎత్తలేదు.

అంతేనా అని ఆయన అడిగాడు. నేను ఇంకేదో అడుగుతానని ఆయన అనుకున్నట్టు నాకు తోచింది. సరే అని లేచాడు.

రెండు వారాలు ఏరారు. బేలు విప్పి, పత్తిని పొరలు పొరలుగా విదిలించి, చేత్తో తడిమి. మొదటి రోజు సగం పోగులు తప్పిపోయాయి. రెండో రోజు సితాన్ పత్తిని ఎండకు ఎదురుగా పట్టి చూస్తే సంచి పోగు తళుక్కుమందట, పత్తి తళుక్కుమనదు. అప్పటి నుంచి అందరూ బయట ఎండలోనే కూర్చుని ఏరారు. చేతులు పొక్కులెక్కాయి, కళ్ళు వాచాయి. నిన్న ఆ పత్తితో వడికిన దారం అద్దకంలో ముంచి తీశారు. డైరెక్టరు భూతద్దం పెట్టి చూశాడు. ఒక్క మచ్చ లేదు. కంపెనీకి ఆ ఉత్తరం రాయనన్నాడు. వచ్చే ఏడు కూడా మీ పత్తే, ఇలాగే ఉంటే అన్నాడు.

ఆడవాళ్ళు పాట పాడారు. నేను గోడవతలకి వెళ్ళిపోయాను. నన్ను నువ్వు ఏమన్నా అను. అనకపోయినా సరే.

సిరికి


బమాకో,
1998 సెప్టెంబరు 6

సిరికీ,

నీ ఉత్తరం జూన్‌లోనే అందింది. ఇన్నాళ్ళు జవాబు రాయలేదంటే కోపంతోనే. మన చుట్టరికంలో కోపం తెచ్చుకోకూడదని నాకూ తెలుసు. తెచ్చుకున్నాను. రాత్రిపూట పడుకుని, కారు ముందు పడుకున్నవాడు ఒక్క ముక్క, ఒక్క ముక్క నా పేరు అనలేకపోయాడా అని ఏడ్చాను. నువ్వు చేసింది తప్పు కాదని తెలిసి కూడా ఏడ్చాను.

నాకిక్కడ దొరికిన పని ఏమిటో తెలుసా? పాత బట్టల దుకాణంలో గుండీలు కుట్టడం. ఓడల్లో వచ్చిన మూటలు విప్పి, చిరిగినవి ఒకవైపు, బాగున్నవి ఒకవైపు వేసి, ఊడిన గుండీలు కుడుతున్నాను. మొన్న ఒక చొక్కా లోపలి చీటీ చదివాను, నూరు శాతం నూలు అని ఉంది. ఎవరికి తెలుసు, నువ్వు పండించిందేనేమో. దాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో, యజమాని అరిచేదాకా తెలియలేదు.

జూలైలో అబిజాన్ వర్తకుడు గుడ్డ తీసుకున్నాడని అమ్మాయి రాసింది. మిల్లు వారానికి నాలుగు రోజులు తిరుగుతోందట. ఇళ్ళకు పంపినవాళ్ళలో డెబ్బై మందిని పిలిచారట. నన్ను పిలవలేదు. పిలవరు. పిలవకూడదు కూడా. సంతకం పెట్టింది నేను.

పోయిన వారం డైరెక్టరుకు ఉత్తరం రాశాను. ఉద్యోగం అడగలేదు. కోత కాలంలో ఫిన్యాసోలో ఉండి పత్తి చూస్తాను, మిల్లు నాకు జీతం ఇవ్వక్కర్లేదు, మూటలు కట్టడానికి గుడ్డలు ఇస్తే చాలు, పిల్లలకు విడిగా ఇంకో అరవై ఇవ్వండి, అప్పుడే మొదటివి పత్తికి మిగులుతాయి అని రాశాను. నూట ఇరవై ఇస్తానని, నాకంటే ముందే మీ ఊరికి పంపుతానని జవాబిచ్చాడు. పూట తిండి ఊరు పెట్టాలి. పెట్టనంటే నీ గుమ్మం ముందు పడుకుంటాను.

ఉత్తరాలు రాసి లాభం లేదని నాకు అర్థమైంది. నేను రాస్తే మీరు నవ్వుతారు, మీరు రాస్తే నేను నమ్ముతాను. ఈసారి మనిషినే వస్తున్నాను. తూకం దగ్గర నేను నిలబడతాను. ప్రతి మూటా విప్పి, ఎండకు పట్టి, నా చేత్తో చూస్తాను. ఒక్క సంచి పోగు కనబడినా ఆ మూట వెనక్కి పంపుతాను, అది ఊరి పెద్ద ఇంటిదైనా సరే. ఎవరు ఎంత బతిమాలినా, నేలమీద పడుకున్నా కూడా.

అక్టోబరు మొదటి గురువారం లారీలో దిగుతాను. దిగగానే కుశలాలు వద్దు, టీ వద్దు. నీ ఇంటి మూటలు ముందు విప్పి పెట్టు. ఊరివి తర్వాత చూస్తాను.

కోరోతుము